బొటనవ్రేలి సాక్ష్యము చాలునా?

నాడీ మత్తులో పీడనమును కొలిచే పద్ధతిపై ఒక విమర్శ

మణికట్టు ఎముక విరిగిన తాపీ మేస్త్రి ఒకడు ఆసుపత్రికి వచ్చినాడనుకొందాము. ఎముకను సరిచేసి లోహపు పలక బిగించవలెను. అందుకు మనిషిని పూర్తిగా నిద్రపుచ్చవలసిన పని లేదు. చంకలోనో, కాలరు ఎముక పైననో, చేతికి పోయే నాడుల చెంత మత్తుమందును ఎక్కిస్తే చాలును. ఆ చేయి మాత్రమే మొద్దుబారుతుంది. మేస్త్రి మెలకువగానే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు. కొన్ని గంటలకు మందు ప్రభావము తగ్గి చేతికి స్పర్శ తిరిగి వస్తుంది.

చాలమంది విషయములో కథ ఇక్కడితో ముగుస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రము ఆ చేయి పూర్తిగా స్వాధీనములోకి రాదు. వారాలు గడచినా, నెలలు గడచినా వ్రేళ్ళు తిమ్మిరెక్కినట్లే ఉంటాయి. తాపీ పట్టు జారిపోతుంది. ఎముక అతుక్కొన్నది గాని చేయి పోయినది. చేతి పనితో బ్రతికేవానికి ఇది చిన్న నష్టము కాదు.

ఇట్టి హానికి కారణములు పెక్కు. వానిలో ఒకటి, మందును నాడి లోపలికే, హెచ్చు పీడనముతో ఎక్కించుట. దానిని నివారించుటకు మందు పోయే గొట్టములో పీడనమును కొలువవలెనని కొందరు వైద్యులు రెండు దశాబ్దములుగా వాదిస్తున్నారు. “మా బొటనవ్రేలికి తెలియదా? పరికరము దేనికి?” అని మరికొందరు అంటున్నారు. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. కాని ఈ వివాదములో సగము భౌతికశాస్త్రము, పావు గణితము. మన ఉన్నత పాఠశాలలో చెప్పే పాస్కల్ నియమము, బాయిల్ నియమము, సంభావ్యత చేతనుంటే ఉభయ పక్షముల వాదములనూ తూచి చూడవచ్చును.

కొలతకు అందని ఒక పని

1884లో వియన్నా నగరములో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబరచవచ్చునని చూపినాడు. కొద్ది నెలలలోనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ ఆ మందును నాడుల చెంతకు సూదితో పంపి నాడీ మత్తుకు నాంది పలికినాడు. తన శరీరముపైననే పరీక్షలు చేసికొని, కొకెయిన్ వ్యసనానికి తానే లోనైనాడు. 1911లో జర్మనీలో హిర్షెల్ చంక మార్గమున, కులెన్‌కాంఫ్ కాలరు ఎముక పైనుండి, చర్మమును కోయకుండా సూదితోనే చేతి నాడులను చేరుకొనే పద్ధతులను ప్రకటించినారు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడొకెయిన్ నేటికీ వాడుకలో ఉన్నది.

తొలి రోజులలో సూది నాడిని తాకినదనుటకు రోగి “చేతిలో షాకు కొట్టినట్లున్నది” అని చెప్పుటయే గుర్తు. తరువాత స్వల్ప విద్యుత్తుతో నాడిని ప్రేరేపించి కండరము అదరుటను గమనించే పద్ధతి వచ్చినది. 1994లో వియన్నాలో కప్రాల్, ఆయన సహచరులు అల్ట్రాసౌండ్ బొమ్మలో చూస్తూ మందును ఎక్కించే పద్ధతిని వివరించినారు. ఈనాడు మందు మోతాదుకు మిల్లీగ్రాములున్నవి, విద్యుత్తుకు మిల్లీ ఆంపియర్లున్నవి, సూది లోతుకు మిల్లీమీటర్లున్నవి. కాని మందును లోపలికి నెట్టే ఆ ఒక్క పని మాత్రము చాలచోట్ల కొలత లేకుండా బొటనవ్రేలికే వదలివేయబడినది. ఇన్ని కొలతల నడుమ ఈ ఒక్క దానికి మినహాయింపు ఎందుకు?

నాడి లోపల ఏమి జరుగుతుంది?

మన వాడుకలో నరము అనే ఈ నాడి ఒకే తీగ కాదు. కొబ్బరిపీచు త్రాడును విప్పితే అనేక పురులు కనిపించునట్లు, నాడిలో తంతువుల కట్టలు అనేకము ఉంటాయి. కట్టల నడుమ మెత్తని సంధాయక కణజాలము, క్రొవ్వు ఉంటాయి. ఒక్కొక్క కట్టను పెరిన్యూరియం అనే గట్టి పొర చుట్టి ఉంటుంది.

సూది మొన కట్టల నడుమనున్న మెత్తని భాగములో ఉంటే మందు సులువుగా వ్యాపిస్తుంది. మొన పెరిన్యూరియమును చీల్చుకొని కట్ట లోపలికి పోతే పరిస్థితి వేరు. అక్కడ ఖాళీ స్థలము లేదు. నోరు కుట్టిన నిండు బస్తాలో ఇంకా ధాన్యము కూరినట్లు, ఎక్కించిన ప్రతి బొట్టు పీడనమును పెంచుతుంది. ఆ పీడనము లోపలి సూక్ష్మ రక్తనాళములలోని పీడనమును మించితే వానిలో రక్తము ఆగిపోతుంది, తంతువులు నలిగిపోతాయి. సెలాండర్, స్యోస్ట్రాండ్ అనే పరిశోధకులు 1978లో కుందేళ్ళ నాడులపై పరీక్షించి, కట్ట లోపలికి మందు ఎక్కించినపుడు పీడనము బయటి పొర క్రిందకు ఎక్కించినప్పటి కంటె అనేక రెట్లు హెచ్చుగా ఉండునని చూపినారు. అనగా పీడనము మొన ఎక్కడ ఉన్నదో చెప్పే సంకేతము. అంతేకాదు, హాని చేసే ఆయుధము కూడ అదే.

వ్రేలికి తెలిసేది బలము, పీడనము కాదు

ఇప్పుడు బొటనవ్రేలి పక్షమును పరీక్షిద్దాము. పీడనమనగా ఏకాంక వైశాల్యముపై పడే బలము. ఈ నిర్వచనము ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలుసును. కాని దాని పర్యవసానమును చాలమంది గమనించరు.

20 మి.లీ. సిరంజి పిస్టన్ వ్యాసము 20 మి.మీ. అనుకొందాము. దాని వైశాల్యము సుమారు 3.14 చదరపు సెం.మీ. 5 మి.లీ. సిరంజిలో వ్యాసము 12 మి.మీ. అయితే వైశాల్యము 1.13 చదరపు సెం.మీ. మాత్రమే. రెంటినీ 5 కిలోగ్రాముల భారముతో సమానమైన బలముతో నొక్కుదాము. పెద్ద సిరంజిలో పీడనము చదరపు అంగుళానికి సుమారు 23 పౌనులు. చిన్నదానిలో సుమారు 63 పౌనులు. వ్రేలు ఒకటే, బలము ఒకటే. పీడనము మాత్రము దాదాపు మూడు రెట్లు.

దీనినే తిరగవేసి చూద్దాము. ఈ రంగములో హద్దుగా వాడబడుతున్నది చదరపు అంగుళానికి 15 పౌనులు. అది సుమారు ఒక వాతావరణ పీడనము, పాదరసపు మట్టములో 776 మి.మీ. రక్తపు పోటు 120 ఉన్న మనిషి ధమనిలోని పీడనమునకు ఇది ఆరు రెట్లకు పైగా ఉన్నది. ఆ హద్దును చేరుటకు పెద్ద సిరంజిలో 3.3 కిలోగ్రాముల భారము కావలెను, చిన్నదానిలో 1.2 కిలోగ్రాములు చాలును. నిన్న పెద్ద సిరంజితో అలవాటుపడిన వ్రేలు నేడు చిన్నదానిని పట్టితే, “సులువుగానే పోతున్నది” అని చెప్పే సాక్ష్యము అబద్ధమవుతుంది. వ్రేలు బొంకలేదు, దానిని అడిగిన ప్రశ్నయే తప్పు. దానికి పీడనము తెలియదు, బలమే తెలుసును. దీనికి తోడు పిస్టన్ ఘర్షణ ఒక్కొక్క సిరంజిలో ఒక్కొక్క విధముగా ఉంటుంది.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. క్లాడియో, ఆయన సహచరులు 2004లో ప్రకటించిన పరిశీలనలో 30 మంది మత్తు వైద్యులు నమూనా పరికరముపై, తాము రోజూ చేసే విధముగానే మందును నెట్టినారు. వారిలో 70 శాతము మంది ఆరంభములోనే 20 పౌనుల హద్దును దాటినారు. వీరు అనుభవము లేనివారని కాదు. అనుభవము కొలతకు బదులు కాజాలదని మాత్రమే దీని భావము. వంటయింట్లో గుప్పెడుతో ఉప్పు వేసే చేయి తప్పదనుకొంటాము. తప్పినా కూరే చెడుతుంది. ఇక్కడ చెడేది మరొకరి చేయి.

కావున మొదటి తీర్పు స్పష్టము. బొటనవ్రేలి సాక్ష్యము చాలదు.

పరికరము పక్షమున చెప్పబడే ఆధారములు

అయితే వ్రేలి వాదము వీగిపోయినంత మాత్రాన పరికరపు వాదము నెగ్గినట్లు కాదు. దాని ఆధారములను వేరుగా పరీక్షించవలెను.

మొదటిది కుక్కలపై జరిగిన పరీక్ష. హాడ్జిచ్, ఆయన సహచరులు 2004లో దీనిని ప్రకటించినారు. ఏడు కుక్కలకు మత్తు ఇచ్చి, తొడ వెనుక నాడిని బయటపెట్టి, సూక్ష్మదర్శిని సాయముతో సూది మొనను నాడి వెలుపలి పొరలోనో లోపలనో ఉంచి, యంత్రముతో నిమిషమునకు 4 మి.లీ. చొప్పున లిడొకెయిన్ ఎక్కించినారు. వెలుపల ఎక్కించినపుడు పీడనము 4 పౌనులను మించలేదు. లోపల ఎక్కించినపుడు ఎక్కువ సార్లు ఆరంభములోనే 25 నుండి 45 పౌనుల వరకు లేచినది. పీడనము 11 పౌనులకు మించని సందర్భములన్నింటిలో మూడు గంటలకు కాలి కదలిక మామూలైనది. 25 పౌనులు, ఆపైన చూపిన నాలుగు జంతువులలోనూ బలహీనత మిగిలిపోయినది.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చును: సన్నని సూది తానే ప్రవాహమును అడ్డగిస్తుంది గదా, ఆ హెచ్చు పీడనము సూదిది కాదా? దీనికి సమాధానము ఆ పరీక్షలోనే ఉన్నది. అదే సూది, అదే వేగము. నాడి వెలుపల మొత్తము 4 పౌనులే. కాబట్టి సూది వంతు 4 పౌనులకు మించదు, మిగిలినదంతా నాడిదే. ఈ పరీక్ష కట్టుదిట్టముగానే ఉన్నది. కాని జంతువులు ఏడు. నాడి కోసి బయటపెట్టిన నాడి. దానినుండి మనిషికి పోవుటకు ఒక వంతెన కావలెను.

రెండవది గాడ్స్‌డెన్, ఆయన సహచరుల 2008 నాటి పరిశీలన. నడుము నాడుల వలకు మత్తు ఇచ్చేటప్పుడు కొందరికి 15 పౌనులకు తక్కువ పీడనముతోను, మరికొందరికి 20 పౌనులకు పైబడిన పీడనముతోను మందు ఎక్కించినారు. హెచ్చు పీడనపు పదిమందిలో ఆరుగురికి మత్తు రెండవ వైపుకు కూడ ప్రాకినది. తక్కువ పీడనపు పదిమందిలో ఒక్కరికీ అట్లు జరుగలేదు. ఇరవై మందితోనే పరిశీలనను ఆపివేసినారు. ఇది మనుషులలో లభించిన గట్టి ఆధారము. అయితే ఇక్కడ చూపబడినది మత్తు అనుకోని చోటికి వ్యాపించుట. నాడి చెడుట కాదు.

మూడవది 2014లో ఆ బృందమువారే ప్రకటించినది. భుజము శస్త్రచికిత్సకు వచ్చిన 16 మందిలో, సూది మొన నాడిని తాకుతున్నపుడు, తాకనపుడు పీడనములను పోల్చినారు. మొన తాకిన సందర్భములలో 97 శాతము వరకు 15 పౌనుల హద్దు చేరినది. మందు కదలక ముందే ప్రమాదపు గంట మ్రోగినది. ఇది చక్కని ఫలితము. కాని నాడికి మొన తగిలినదని తెలియుట ఒకటి. నాడి చెడకుండ కాపాడినామని చెప్పుట మరొకటి. పదహారు మందిలో ఎవరికీ హాని కలుగకపోవుట పరికరపు గొప్ప అని ఎవరైనా అంటే దానిని అంగీకరించరాదు. ఎందుకో లెక్క చెబుతుంది.

అరుదైన కీడును లెక్కించుట

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశముల ఆసుపత్రులలో బారింగ్టన్, ఆయన సహచరులు సేకరించి 2009లో ప్రకటించిన వివరముల ప్రకారము, నాడీ మత్తు వలన చాలకాలము నిలిచే హాని వేయింటికి 0.4. అనగా 10,000 సార్లలో సుమారు 4. ఈ లెక్కన 16 మందిలో ఒకరికైనా హాని కలిగే సంభావ్యత నూటికి ఒకటి కూడ లేదు. పరికరము ఉన్నా లేకపోయినా వారు క్షేమముగానే ఇంటికి పోయి ఉండేవారు.

పరికరము ఈ హానిని సగానికి తగ్గిస్తుందని నిరూపించదలచినామనుకొందాము. సాధారణముగా శాస్త్రజ్ఞులు పాటించే ప్రమాణములతో లెక్క కడితే ఒక్కొక్క వర్గములో సుమారు 1,18,000 మంది రోగులు కావలెను. రెండు వర్గములూ కలిపితే రెండు లక్షల ముప్పది వేలకు పైమాటే. ఇంత పెద్ద పరీక్షను నడుపుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. అమెరికాలోని ప్రాంతీయ మత్తు వైద్యుల సంఘము 2015లో ప్రకటించిన సలహాపత్రము కూడ విద్యుత్ ప్రేరణ, అల్ట్రాసౌండ్, పీడన పరీక్ష మొదలైన వానిలో ఏ ఒక్కటి మిగిలిన వాని కంటె నాడీ హానిని ఎక్కువగా తగ్గిస్తుందని చెప్పుటకు మనుషులలో ఆధారము లేదని పేర్కొన్నది.

పైగా వ్యతిరేక సాక్ష్యమొకటి ఉన్నది. బిగెలైసెన్ 2006లో చంక వద్ద మత్తు ఇచ్చిన 26 మందిని అల్ట్రాసౌండ్‌తో గమనించగా, 22 మందిలో సూది కనీసము ఒక నాడిని గుచ్చినట్లు కనిపించినది. ఆరు నెలల తరువాత చూస్తే ఎవరికీ హాని లేదు. మొన నాడిలోకి పోయినంత మాత్రాన నాడి చెడదన్నమాట. కట్టల నడుమనున్న మెత్తని భాగములోకి పోయినదా, కట్ట లోపలికే పోయినదా అన్నది అసలు ప్రశ్న. అల్ట్రాసౌండ్ బొమ్మలో ఆ తేడా ఎల్లప్పుడూ కనబడదు. పీడన పరీక్షకు స్థానము దొరికేది సరిగా ఇక్కడనే.

పరికరము ఏమి చూడలేదు?

పీడన మాపకము సూది మొన వద్ద ఉండదు. సిరంజికి, సూదికి నడుమ ఉంటుంది. ద్రవము కదలక ముందు దీనివలన చిక్కు లేదు. నిశ్చలముగా ఉన్న ద్రవములో పీడనము అంతటా సమముగా ప్రసరిస్తుందని పాస్కల్ చెప్పినాడు గదా. అందుకే ప్రవాహము మొదలయ్యే క్షణములోని ఆరంభ పీడనము నమ్మదగిన కొలత. ప్రవాహము మొదలైన తరువాత సూది నిరోధము వచ్చి చేరుతుంది. పాయిజే సూత్రము ప్రకారము అది వ్యాసార్ధపు నాలుగవ ఘాతమునకు విలోమానుపాతములో ఉంటుంది. 50 మి.మీ. పొడవు, లోపల 0.41 మి.మీ. వ్యాసము గల సూదిలో నిమిషమునకు 10 మి.లీ. పంపితే నీటివంటి ద్రవమునకు సూదిలోనే సుమారు 1.7 పౌనుల పీడనము ఖర్చవుతుంది. వ్యాసము 0.26 మి.మీ. అయితే అది దాదాపు 11 పౌనులు. అనగా సన్నని సూదితో వేగముగా నెట్టితే మొన వద్ద ఏ ప్రమాదము లేకపోయినా మాపకము ఎర్రజెండా చూపవచ్చును.

సూది ఎముకకో, గట్టి పొరకో ఆనినా, సూది రంధ్రము మూసుకొన్నా పీడనము లేస్తుంది. కాబట్టి హెచ్చు పీడనము చూపిన ప్రతిసారీ మొన నాడిలో ఉన్నదనుకొనరాదు. తక్కువ పీడనము చూపినంతనే అంతా క్షేమమనీ అనుకొనరాదు. మొన రక్తనాళములో ఉంటే మందు ఏ అడ్డూ లేకుండా పోతుంది. ఆ ప్రమాదమును మాపకము పట్టలేదు.

ఉపాయమొకటి, తీర్పొకటి

ఖరీదైన పరికరము లేనిచోట ఏమి చేయవలెను? త్సుయి, ఆయన సహచరులు 2006లో ఒక చక్కని ఉపాయమును వివరించినారు. సిరంజిలో మందుపైన కొంత గాలిని ఉంచి, మూతి క్రిందికి ఉండునట్లు నిలువుగా పట్టుకొంటే గాలి పిస్టన్ వైపున నిలుస్తుంది. 10 మి.లీ. గాలి 5 మి.లీ. అయ్యేవరకు నొక్కినామనుకొందాము. బాయిల్ నియమము ప్రకారము ఘనపరిమాణము సగమైతే మొత్తము పీడనము రెట్టింపవుతుంది. అనగా బయటి వాతావరణము కంటె ఒక వాతావరణము ఎక్కువ, చదరపు అంగుళానికి 14.7 పౌనులు. గాలి సగానికి కుంచించుకొనే లోపలే మందు కదలవలెను, కదలకపోతే ఆగవలెను. సిరంజి పరిమాణముతోను, పిస్టన్ ఘర్షణతోను దీనికి పనిలేదు. గాలి గొట్టములోకి పోకుండా జాగ్రత్తపడవలసిన బాధ్యత మాత్రము ఉన్నది. కణజాలములోకి గాలి పోతే అల్ట్రాసౌండ్ బొమ్మ కూడ చెడుతుంది. మూడున్నర శతాబ్దముల నాటి నియమము మన కాలపు శస్త్రచికిత్స గదిలో పీడన మాపకమైనది. పాఠ్యపుస్తకములోని సూత్రములు పరీక్షల కోసమేనని భావించే విద్యార్థులకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

ఇక తీర్పు. పీడనమును కొలిస్తే నాడీ హాని తగ్గునని నిరూపించబడినదనుట అతిశయోక్తి. నిరూపించబడలేదు గనుక కొలువనక్కరలేదనుట అంతకంటె పెద్ద పొరపాటు. రెండు వైపుల తప్పుల మూల్యమును పోల్చి చూడండి. మాపకము అనవసరముగా హెచ్చరిస్తే వైద్యుడు సూదిని ఒక మిల్లీమీటరు వెనుకకు లాగి మరల ప్రయత్నించవలెను. నష్టము అర నిమిషము. హెచ్చరిక లేక తప్పు జరిగితే నష్టము ఒక మనిషి చేయి. ఇంత తేడా ఉన్నపుడు పూర్ణ నిరూపణ కోసము వేచియుండుట వివేకము కాదు. అట్లని మాపకమును చూచి అల్ట్రాసౌండ్ తెరను, రోగి ముఖమును చూడకపోవుటయూ వివేకము కాదు. అది ఒక సాక్షి మాత్రమే, న్యాయమూర్తి కాదు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. సూదులు లేని రెండు సిరంజిలను, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, నీటితో నింపి ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టముతో కలపండి. ఇద్దరు విద్యార్థులను చెరొక పిస్టన్‌ను నొక్కమనండి. చిన్న సిరంజి పట్టినవాడు బలహీనుడైనా గెలుస్తాడు. “ఎవరు గట్టిగా నొక్కినారు?” అని అడగండి, తరువాత “ఏ సిరంజిలో పీడనము ఎక్కువ?” అని అడగండి. రెండవ ప్రశ్నకు తరగతి ఒక్కసారిగా మౌనము వహిస్తే పాఠము మొదలైనట్లే. ఆ తరగతిలోని ఒకరు రేపు వైద్యులై సిరంజి పట్టినపుడు, తన బొటనవ్రేలిని నమ్మే ముందు ఒక్క క్షణము ఆగితే, ఎక్కడో ఒక మేస్త్రి తిరిగి తాపీ పట్టగలుగుతాడు.